‘మంచిగనే ఉన్న’ అనే ఉబ్బసం

సాయంత్రం ఏడు దాటాక హైదరాబాద్ శివారు బాలాపూర్ చౌరస్తాలో ఏ మెడికల్ షాపు ముందైనా ఓ అరగంట నిలబడండి. ఆటో పక్కకు తీసి, దిగకుండానే ఒకాయన చెయ్యి చాపుతాడు. మాట్లాడేంత ఊపిరి ఉండదు. షాపు కుర్రాడికి ముఖం చూస్తే చాలు, అస్థాలిన్ పంపు తెచ్చి చేతిలో పెడతాడు. ఆయన అట్టపెట్టె అక్కడే చించి, నీలం పంపు నోట్లో పెట్టుకుని టక్ టక్‌మని రెండుసార్లు నొక్కుకుంటాడు. రెండు నిమిషాలు హ్యాండిల్ మీదికి వంగి కూర్చుంటాడు. తర్వాత ముఖంలో రంగు తిరిగొస్తుంది, డబ్బులిస్తాడు. డాక్టర్ చీటీ ఎవరూ అడగలేదు, ఆయనా చూపించలేదు. ‘దమ్ము ఎట్లుందన్నా’ అని నేనే పలకరించాను. ‘మంచిగనే ఉన్న సార్. గిది జేబుల ఉంటే సాలు.’

ఆ ‘మంచిగనే ఉన్న’ను పట్టుకునే ఈ వ్యాసం. పెద్దవాళ్ళలో ఉబ్బసం ఎంతవరకు అదుపులో ఉందో వెతుక్కుంటూ వెళ్తే చివరికి తేలేది ఇదే: మందులకు కొరత ఉన్నమాట నిజం, గాలి చెడిపోయినమాటా నిజం, కానీ రెండింటికన్నా ముందు మన కొలబద్దే తప్పు. ఆయాసం వచ్చి తగ్గితే బాగున్నట్టు లెక్క వేసుకుంటున్నాం. డాక్టర్ల లెక్కలో అసలు రాకుండా ఉంటేనే బాగున్నట్టు.

1993లో మొదలైన ‘గినా’ అనే అంతర్జాతీయ ఆస్తమా సంస్థ పెట్టిన కొలమానం నాలుగు ప్రశ్నలే. గడచిన నాలుగు వారాల్లో పగటిపూట ఆయాసం, పిల్లికూతలు వారానికి రెండుసార్లకు మించి వచ్చాయా? ఆయాసంతో రాత్రి ఒక్కసారైనా నిద్ర లేచారా? తక్షణ ఉపశమనం ఇచ్చే పంపు వారానికి రెండుసార్లకు మించి వాడారా? ఉబ్బసం వల్ల చెయ్యాల్సిన పని ఏదైనా మానుకున్నారా? నాలుగింటికీ ‘లేదు’ అయితేనే అదుపులో ఉన్నట్టు. ఒకటి రెండు ‘అవును’లు పడితే సగం అదుపు. మూడు, నాలుగు అయితే అదుపు తప్పినట్టు. ఆటో ఆయన్ని అక్కడే అడిగాను. రోజూ రెండు పూటలా పంపు. రాత్రి లేవడం? ‘మూడు గొట్టంగ లేస్త, కూసుంట, మల్ల పంటా.’ మెట్లెక్కడం? రెండో అంతస్తులో ఉన్న గది వదిలేసి కిందికి మారాడట. నాలుగుకు నాలుగు. అయినా మనిషి మంచిగనే ఉన్నాడు, ఎందుకంటే ఏడేళ్ళుగా ఇలాగే ఉన్నాడు. రాత్రి మూడింటికి లేవడం ఆయనకు జబ్బు లక్షణం కాదు, అలవాటు.

ఇది ఆయన ఒక్కడి సంగతైతే రాయనక్కర్లేదు. ఆసియా పసిఫిక్ దేశాల్లో ఆస్తమా రోగులను పలకరించి చేసిన ఓ పెద్ద సర్వేలో మన దేశపు భాగం ఫలితాలు 2015లో వెలువడ్డాయి. అందులో ఉబ్బసం పూర్తిగా అదుపులో ఉన్న భారతీయ రోగి ఒక్కరూ తేలలేదు. ఒక్కరూ. అంతకుముందు, 2012లో ప్రచురితమైన ‘ఇన్‌సెర్చ్’ అధ్యయనం పన్నెండు కేంద్రాల్లో ఇంటింటికీ తిరిగి లక్షన్నరకు పైగా మందిని ప్రశ్నించింది. ఆ పన్నెండింటిలో సికింద్రాబాద్ ఒకటి. పదిహేనేళ్ళు దాటిన వాళ్ళలో రెండు శాతానికి ఉబ్బసం ఉందని, అంటే దేశం మొత్తమ్మీద దాదాపు కోటీ డెబ్బై లక్షల మంది అని అది లెక్క తేల్చింది. 2019 నాటి ప్రపంచ జబ్బుల భారం అంచనాలో ఈ సంఖ్య మూడున్నర కోట్ల దాకా వెళ్ళింది. ప్రపంచంలోని ఉబ్బసం రోగుల్లో మనవాళ్ళు 13 శాతమైతే, ఉబ్బసంతో చనిపోయేవారిలో మాత్రం 40 శాతానికి పైగా మనవాళ్ళేనని అదే అంచనా చెబుతోంది. చావుకు కారణం నమోదు చెయ్యడంలో మన రికార్డులు ఎంత గట్టివో అందరికీ తెలిసిందే కాబట్టి ఆ 40ని అక్షరాలా నమ్మక్కర్లేదు. సిగరెట్టు, కట్టెల పొయ్యి వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు చావులు కూడా కొన్ని అందులో కలిసి ఉండవచ్చు. సగానికి సగం కొట్టేసినా మిగిలేది తక్కువేం కాదు.

నాకు వీటన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చిన అంకెలు వేరే ఉన్నాయి. గ్లోబల్ ఆస్తమా నెట్‌వర్క్ మన దేశంలో చేసిన పరిశీలనలో పిల్లికూతలు ఉన్నవాళ్ళలో 82 శాతం మందికి అసలు ‘నీకు ఉబ్బసం’ అని ఏ డాక్టరూ చెప్పలేదు. చెప్పించుకున్న వాళ్ళలో కూడా, జబ్బును నిజంగా అదుపు చేసే పీల్చే స్టెరాయిడ్‌ను రోజూ వాడేవాళ్ళు పది శాతానికి లోపే. తక్కినవాళ్ళు ఏం వాడుతున్నట్టు? చౌరస్తాలో మనం చూసిందే.

ఊపిరి గొట్టాల లోపల జరిగేవి రెండు. చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది, లోపలి పొర వాచి కఫం పేరుకుంటుంది. నీలం పంపులోని సాల్‌బ్యుటమాల్ కండరాన్ని వదులు చేస్తుంది. అయిదు నిమిషాల్లో తెలుస్తుంది, నాలుగు నుంచి ఆరు గంటలు ఉంటుంది. వాపు జోలికి అది పోదు. ఇల్లు కురుస్తుంటే కింద తపేలా పెట్టినట్టు. వాపు తగ్గించేది రెండో మందు, బ్యుడెసొనైడ్ లాంటి పీల్చే స్టెరాయిడ్. బుడెకార్ట్, ఫోరాకార్ట్, సెరోఫ్లో పేర్లతో మన షాపుల్లో దొరికేవాటిలో ఉండేది ఈ జాతి మందే. దీనితో వచ్చిన చిక్కల్లా, పీల్చిన రోజు ఏమీ తెలియదు. వారం పదిరోజులకు రాత్రి లేవడం తగ్గుతుంది, కానీ ఆయాసం లేకపోవడాన్ని మందు ఖాతాలో వేసేవాళ్ళు ఎవరు? ‘ఏం పని చేస్తలేదు’ అని అటక మీద పారేస్తారు. తెలిసేలా పనిచేసే మందే మందు అన్న నమ్మకం దగ్గరే ఉబ్బసం అదుపు తప్పుతోంది.

నీలం పంపు ఒక్కదాని మీద బతకడం వల్ల ప్రాణం మీదికి వస్తుందన్నది కొత్త సంగతి కాదు. బ్రిటన్‌లో ఉబ్బసంతో చనిపోయిన 195 మంది కేసులను ఒక్కొక్కటిగా తిరగేసి 2014లో ఓ జాతీయ నివేదిక వేశారు. తక్షణ ఉపశమనం పంపులు వాడుతున్నవాళ్ళలో 39 శాతం మంది చనిపోయే ముందు ఏడాదిలో పన్నెండుకు మించి పంపులు రాయించుకున్నారు. పోయినవాళ్ళలో సగానికి పైగా తేలికపాటి లేదా మధ్యరకం ఉబ్బసం కిందే వైద్యం పొందుతున్నవాళ్ళు. ‘నాది అంత పెద్దదేం కాదు’ అనుకునేవాళ్ళే ఎక్కువ అన్నమాట. చివరికి 2019లో గినా తన పాత సలహాను మార్చుకుని, పెద్దవాళ్ళకు ఉపశమనం పంపు ఒక్కటే ఇచ్చి పంపడం ఇక వద్దు, ఎంత తేలికపాటి ఉబ్బసానికైనా పీల్చే స్టెరాయిడ్ తోడుండాలి అని తేల్చింది. బ్యుడెసొనైడ్, ఫార్మొటెరాల్ కలిసిన ఒకే పంపును రోజువారీకీ, ఆయాసం వచ్చినప్పుడూ వాడే పద్ధతి అప్పటినుంచి ముందుకొచ్చింది. రెండు పంపుల గందరగోళం లేకుండా చేసే ఈ ఏర్పాటు మనలాంటి చోట్లకే ఎక్కువ సరిపోతుందని నా అభిప్రాయం. అయితే ఎవరికి ఎంత మోతాదన్నది డాక్టరే చెప్పాలి.

స్టెరాయిడ్ అన్న మాట వినగానే మనవాళ్ళు అదిరిపడతారు. విచిత్రమేమిటంటే అదిరిపడే ఆ మనిషే, ఆయాసం ఎక్కువైన రాత్రి సందులోని ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్ళి ‘సూది’ వేయించుకుని వస్తాడు. ఆ సూదిలో డెరిఫిలిన్‌తో పాటు డెకాడ్రాన్ ఉంటుంది. డెకాడ్రాన్ అంటే స్టెరాయిడే, అదీ ఒళ్ళంతా తిరిగేది. నెలకు రెండుసార్లు అలా పడుతూ పోతే షుగర్ పెరగడం, ఎముకలు గుల్లబారడం, కంటిలో శుక్లాలు, ముఖం ఉబ్బడం ఒకదాని వెంట ఒకటి వస్తాయి. చిన్న లెక్క. ఆయాసం ముదిరితే ఆసుపత్రిలో ఇచ్చే స్టెరాయిడ్ మాత్ర మోతాదు రోజుకు 40 మిల్లీగ్రాములు ఉండవచ్చు. ఒక పఫ్‌లో పీల్చేది 200 మైక్రోగ్రాములు, బరువులో దాని రెండొందలో వంతు. మందులు వేరు, బలాలు వేరు, నిజమే. కానీ పీల్చింది నేరుగా ఊపిరి గొట్టాల్లో పడుతుంది, ఒంటికి చేరేది బహు తక్కువ. పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మేస్తే నోట్లో తెల్లపూత వచ్చే అవకాశం కూడా తగ్గుతుంది. ఈ నాలుగు ముక్కలు చెప్పే తీరిక మన క్లినిక్కుల్లో లేదు, రోగికి మూడు నిమిషాలు దొరికితే ఎక్కువ. పొట్లాలు కట్టి ఇచ్చే పేరులేని ‘నాటు’ పొడుల గురించి వేరే చెప్పక్కర్లేదు. ఒక్కరోజులో ఆయాసం మాయమైతే అందులో ఏం కలిపారో అనుమానించాల్సిందే.

ఇక హైదరాబాద్‌లో ఉబ్బసం గురించి రాస్తూ చేప ప్రసాదం ఊసెత్తకపోతే ఎవరూ ఒప్పుకోరు. మృగశిర కార్తె నాడు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బత్తిని కుటుంబం ఇచ్చే ఆ మందు కోసం దేశం నలుమూలల నుంచి జనం వస్తారు. వేళ్ళ మధ్య పట్టేంత బతికున్న కొర్రమీను పిల్ల నోట్లో పసుప్పచ్చని ముద్ద పెట్టి, దాన్ని రోగి గొంతులోకి జారవిడుస్తారు. శాకాహారులకు బెల్లంతో. 1845లో ఓ సాధువు వీరన్న గౌడ్‌కు ఈ మందు రహస్యం చెప్పాడని ఆ కుటుంబం చెప్పే కథ. మొదట్లో పాతబస్తీ దూద్‌బౌలిలోని వాళ్ళ ఇంటి దగ్గరే ఇచ్చేవారు. జనవిజ్ఞాన వేదిక లాంటి సంస్థలు అభ్యంతరం చెప్పాక, వ్యవహారం కోర్టు దాకా వెళ్ళాక ‘చేప మందు’ అన్న పేరు ‘చేప ప్రసాదం’ అయింది. కరోనాతో ఆగి, 2023 జూన్‌లో మళ్ళీ మొదలైంది.

అక్కడికి వెళ్ళేవాళ్ళను వెక్కిరించడం నాకు నచ్చదు. మందుకు పైసా తీసుకోరు, రాత్రంతా క్యూలో ఉన్నవాళ్ళకు ఎవరో ఒకరు అన్నం పెడతారు. పేదవాడి ఆయాసాన్ని ఏడాదికి ఒక్కరోజైనా నగరం మొత్తం పట్టించుకునే సందర్భం మరొకటి లేదు. కానీ ఉబ్బసాన్ని అది తగ్గిస్తుందని నమ్మదగిన పరీక్షల్లో రుజువైంది లేదు. మరి తగ్గిందని ప్రమాణం చేసేవాళ్ళంతా అబద్ధాలాడుతున్నారా? కాదు. ఉబ్బసం దానంతటదే ఎక్కి దిగే జబ్బు. బాగా బాధపడ్డప్పుడే మనిషి మందు కోసం బయలుదేరతాడు, తర్వాత ఎలాగూ ఓ దిగుడు ఉంటుంది. ఆ దిగుడు కాలంలో పుచ్చుకున్నది ఏదైనా, చేపైనా, తాయత్తైనా, సూదైనా, పేరు దానికే. నాకున్న అసలు ఇబ్బంది, ఆ ప్రసాదాన్ని మూడేళ్ళు వరుసగా, ఏడాదికొకసారి పుచ్చుకోవాలన్న లెక్కతో. ఏడాదికి ఒక్కరోజు పుచ్చుకుంటే కథ ముగిసినట్టే అన్న ఆశను అది బతికిస్తుంది. చేప మింగి వచ్చి, పంపు మానేసి, ఆగస్టులో అంబులెన్స్ ఎక్కినవాళ్ళు ఉన్నారు. వెళ్ళేవాళ్ళు వెళ్ళండి, పంపు మాత్రం మానకండి. చెప్పగలిగిందింతే.

బాలాపూర్ గాలి సంగతికొస్తే, ఇక్కడ ఉబ్బసం రేగడానికి కావలసిన సరుకంతా ఉంది. ఒకవైపు శ్రీశైలం రోడ్డు, రాత్రంతా లారీలు. ఇంకోవైపు 2008లో శంషాబాద్ ఎయిర్‌పోర్టు తెరిచినప్పటినుంచి ఆగని కట్టడాలు, ప్లాట్లు, ఇసుక కుప్పలు, సిమెంటు దుమ్ము. కొంచెం దూరంలో కాటేదాన్ పరిశ్రమలు, పాత ప్లాస్టిక్ కరిగించే షెడ్లు. ఖాళీ ప్లాట్లలో వానలు పడగానే నడుము ఎత్తు పెరిగే వయ్యారిభామ. చలికాలం పొద్దున్నే చెత్తకుప్పల్లో తగలబెట్టిన టైరు వాసన నేలకు అంటుకుని కదలదు. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో ప్రమాణాలు అందుకోని నగరాల జాబితాలో హైదరాబాద్ ఉంది. మన దేశం పెట్టుకున్న సన్నధూళి పరిమితే ఏడాది సగటున ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాములు, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది 5.

గాలిని ఒక్కడు బాగు చేయలేడు. అయితే గాలి మీద నెపం పెట్టి మందు మానేసేవాళ్ళను కూడా చూశాను. ‘ఈ దుమ్ముల ఏ మందు పనిజేస్తది’ అంటారు. లెక్క తిరగబడాలి. దుమ్ములో పనిచేసేవాడికే వాపు తగ్గించే మందు ఎక్కువ అవసరం. ఇంట్లో ఉండేవాళ్ళకూ కష్టం తక్కువేం కాదు. తాలింపు ఘాటు, పరుపుల్లో కంటికి కనిపించని పురుగులు, బొద్దింకలు, గోడకు పట్టిన బూజు, పొద్దున్నే అగరొత్తులు, బార్కాస్ వైపు ఇళ్ళలో లోబాన్ పొగ. ఆడవాళ్ళ విషయంలో ఇంకో మెలిక ఉంది. పెళ్ళి కావలసిన పిల్ల పంపు హ్యాండ్‌బ్యాగులో దాచుకుంటుంది, పెళ్ళయ్యాక అత్తగారింట్లో అసలే తియ్యదు, కడుపుతో ఉన్నప్పుడు ‘బిడ్డకు మంచిది కాదు’ అని పెద్దవాళ్ళే మాన్పిస్తారు. అదుపులో లేని ఉబ్బసమే బిడ్డకు ఎక్కువ చేటు అని ఎవరూ చెప్పరు.

రంజాన్ నెలలోనూ మానేసేవాళ్ళు చాలామంది. పగలు పంపు వాడితే రోజా ఉంటుందా పోతుందా అన్నదానిపై మతపెద్దల్లోనే భిన్నాభిప్రాయాలు ఉన్నాయి కానీ, రోజుకు రెండుసార్లు పీల్చే మందును సహర్‌కు ఒకసారి, ఇఫ్తార్‌కు ఒకసారి సర్దుకోవచ్చు. నెల మొదలయ్యే ముందే డాక్టర్‌తో మాట్లాడుకుంటే తేలిపోయే పని. ఊపిరి ఆడని పరిస్థితి వస్తే మాత్రం ఏ వేళ అని చూడకుండా పంపు వాడాల్సిందే.

మందు చేతికొచ్చినా అది ఊపిరితిత్తుల్లోకి చేరాలి కదా. చౌరస్తాలో ఆయన చేసింది మళ్ళీ గుర్తు చేసుకోండి. పంపు ఊపలేదు. ముందు ఊపిరి వదల్లేదు. నొక్కిన తర్వాత పీల్చాడు, అప్పటికే మందు నాలుక మీద పడింది. రెండుసార్లు గబగబా నొక్కాడు. వెంటనే ‘హా’ అని వదిలేశాడు, పెదాల మధ్య నుంచి తెల్లని ఆవిరి బయటికి రావడం నాకు కనపడింది. ఆ ఆవిరే మందు. చేయాల్సింది ఇలా: బాగా ఊపి, ఊపిరి పూర్తిగా వదిలి, పెదాలు గట్టిగా మూసి, నెమ్మదిగా పీల్చడం మొదలుపెడుతూ నొక్కి, పీల్చడం ఆపకుండా కొనసాగించి, పది అంకెలు లెక్కపెట్టేదాకా బిగబట్టాలి. నిమిషం ఆగి రెండోది. ఇది కుదరనివాళ్ళకు స్పేసర్ అనే ప్లాస్టిక్ గొట్టం ఉంది. దాన్ని తగిలించుకుంటే నొక్కడం, పీల్చడం కలవకపోయినా మందు వృథా కాదు. పొడి మందు పీల్చే రోటాక్యాప్స్‌కు పద్ధతి పూర్తిగా వేరు, అక్కడ గట్టిగా, వేగంగా పీల్చాలి. క్యాప్సూల్ కదా అని నీళ్ళతో మింగేసినవాళ్ళు ప్రతి ఊపిరితిత్తుల డాక్టరుకూ తగులుతారు, నవ్వాల్సిన పనిలేదు, ఎవరూ చెప్పకపోతే ఎవరైనా అదే చేస్తారు.

ఖర్చు? 1994లో బాలాపూర్ గణేశుడి లడ్డూ మొదటి వేలంలో పలికింది 450 రూపాయలు. రెండు మందులూ కలిసిన మంచి పంపు నెలకు ఈరోజు దాదాపు అంతే, నాలుగైదు వందలు. లడ్డూ 2025లో 35 లక్షలకు చేరింది. దినకూలీ మీద బతికే ఇంట్లో నెలనెలా నాలుగైదు వందలు మాత్రం ఇప్పటికీ బరువే, పైగా వాడిన రోజు ఏమీ తెలియని మందుకు. ఆరోగ్యశ్రీ ప్రధానంగా ఆసుపత్రిలో చేరే వైద్యానికి. అంటే ఆయాసం ముదిరి ఐసీయూ దాకా వెళ్తే ప్రభుత్వం వేలకు వేలు భరించడానికి సిద్ధం, వెళ్ళకుండా ఆపే పంపు మాత్రం జేబులోంచి కొనుక్కోవాలి. ఈ ఏర్పాటు నాకు ఎప్పటికీ అర్థం కాదు. జాతీయ అసాంక్రమిక వ్యాధుల కార్యక్రమంలో 2023లో ఉబ్బసాన్నీ చేర్చారు. బీపీ, షుగర్ మాత్రలు బస్తీ దవాఖానాలో నెలనెలా ఇస్తున్నట్టే పీల్చే స్టెరాయిడ్ కూడా తప్పకుండా ఇస్తే ఈ వ్యాసంలో సగం రాయక్కర్లేదు.

కల కాదిది. ఫిన్లాండ్ 1994లో పదేళ్ళ ఆస్తమా కార్యక్రమం పెట్టుకుంది. కొత్త మందేమీ కనిపెట్టలేదు. ఊరి డాక్టర్లకు, నర్సులకు, మందుల షాపులవాళ్ళకు శిక్షణ ఇచ్చారు, జబ్బును తొందరగా గుర్తించి మొదటి రోజునుంచే వాపు తగ్గించే మందు మొదలుపెట్టారు, రోగికి తన జబ్బు తానే చూసుకోవడం నేర్పారు. పదేళ్ళు తిరిగేసరికి ఉబ్బసంతో ఆసుపత్రుల్లో గడిపే రోజులు సగానికి పైగా తగ్గాయి. అక్కడి చలీ మన దుమ్మూ ఒకటి కాదు. కానీ షాపులవాళ్ళను చేర్చుకోవడం అన్న ముక్క మనకు అక్షరాలా పనికొస్తుంది. బాలాపూర్‌లో ఉబ్బసం రోగిని నెలనెలా చూసే మనిషి డాక్టర్ కాదు, కౌంటర్ వెనక కుర్రాడే.

అందుకని ఓ విన్నపం, నీలం పంపు కొనేవాళ్ళకూ, అమ్మేవాళ్ళకూ. కొన్న ప్రతిసారీ పెట్టె మీద పెన్నుతో తేదీ వేయండి, ఖాళీ అయినా పారేయకండి. ఏడాదిలో మూడో పెట్టె మొదలైందంటే ఉబ్బసం అదుపులో లేనట్టే, అప్పటిదాకా ఎంత మంచిగ ఉన్నా సరే. ఆ మూడు పెట్టెలూ కవర్లో వేసుకుని దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికో, ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రికో వెళ్ళి డాక్టరు బల్ల మీద పెట్టండి. పంపు ఎలా పీలుస్తున్నారో ఆయన ముందే పీల్చి చూపించండి.